గీతలు లేని విమానం

మా పుట్టింట్లో గీత అనేది తిట్టుతో సమానం. మా నాన్నకి మాచర్లలో నాపరాళ్ళు పాలిష్ పట్టే చిన్న ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు దాన్ని మా తమ్ముడు నడుపుతున్నాడు. పాలిష్ పట్టిన బండ మీద చెంబుడు నీళ్ళు పోసి, నాన్న తల వంచి వెలుతురుకి ఏటవాలుగా చూసేవాడు. వెంట్రుకంత గీత కనపడినా సరే, "గీతుంది, మళ్ళీ తియ్యి" అనేవాడు. ఆ మాట వింటూనే నేనూ తమ్ముడూ పెరిగాం. అలాంటి కొంపలో పుట్టినదాన్ని, ఈ వయసులో కళ్ళజోడు పెట్టుకుని, సూది పట్టుకుని, మూరెడు ప్లాస్టిక్ విమానం మీద గీతలు గీస్తూ కూర్చున్నాను. ఎవరైనా ముందే చెప్పి ఉంటే, నీకేమన్నా పిచ్చా అని తిట్టి పంపేదాన్ని.

మా ఆయన మిలిటరీలో విమానాల మెకానిక్. విమానం నడిపేవాడని చుట్టాలంతా అనుకునేవాళ్ళు, ఆయనా కాదనేవాడు కాదు. నిజానికి ఆయన పని కింద నిలబడి మూతలు విప్పడం, లోపల చెయ్యి పెట్టి బాగుచెయ్యడం, మళ్ళీ మూతలు బిగించడం. రిటైరయ్యాక మాచర్ల వచ్చేశాం. మిర్చి వేశాడు, పత్తి వేశాడు, చుట్టుపక్కల చేలవాళ్ళ మోటార్లన్నీ ఊరికే బాగుచేసి పెట్టాడు. మధ్యాహ్నం భోజనానికి ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి. ఆయన వచ్చేదాకా నేను తినను. ఇదేదో పతివ్రతనని చెప్పుకోడానికి కాదు, ఒక్కదాన్నే కూర్చుంటే నాకు ముద్ద దిగదు, అంతే. "నా కోసం కడుపు మాడ్చుకోమని ఎవడు చెప్పాడే నీకు?" అని వచ్చినప్పుడల్లా కేకలేసేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "తొందరగా వచ్చి చావొచ్చుగా!" అనేదాన్ని. మా కాపురమంతా ఆ రెండు కేకల మీదే నడిచింది.

తర్వాత మతిమరుపు మొదలైంది. ముందు మోటారు ఆపడం మర్చిపోయాడు. ఆ తర్వాత చేలో నుంచి ఇంటికి దారి మర్చిపోయాడు. పక్కచేనాయన బండి మీద ఎక్కించుకొచ్చి దింపితే, గుమ్మంలో నిలబడి, "ఎవరిల్లు ఇది?" అని అడిగాడు. నరసరావుపేట తీసుకెళ్ళాం. డాక్టరు స్కానింగులు చూసి, "పోయింది తిరిగి రాదమ్మా. ఉన్నదాన్ని ఎన్నాళ్ళు నిలుపుకుంటే అన్నాళ్ళు. చేతులకి అలవాటైన పని ఏదన్నా పెట్టండి" అన్నాడు. తిరుగు బస్సులో కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే ఆయన నా వైపు వంగి, "ఏందే, నరసరావుపేటలో ఏమన్నా పోగొట్టుకున్నావా?" అన్నాడు. నిన్నేనయ్యా అని ఎలా చెప్పను? తలనొప్పి అని చెప్పి కిటికీ వైపు తిరిగాను.

తమ్ముడు ఫోన్లో ఎక్కడెక్కడో వెతికి ఆ డబ్బా తెప్పించాడు. బావ పనిచేసిన ఫైటర్ విమానమే, ప్లాస్టిక్ ముక్కలుగా వస్తుంది, మనమే అతికించుకోవాలి. మా ఆయన డబ్బాని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని దాని మీది బొమ్మ చూశాడు. తర్వాత, "ఒరేయ్ బావమరిదీ, ఎక్కడ దొరికిందిరా ఇది నీకు?" అని వాడి భుజం మీద ఒక్కటి చరిచాడు. బావ తనని గుర్తుపట్టి కొట్టినందుకు మా తమ్ముడు వాకిట్లోకి వెళ్ళి ముక్కు చీదుకున్నాడు.

విమానం ఒళ్ళు రెండు బద్దలుగా వచ్చింది, వేరుశనక్కాయ ఒలిచినట్టు. రెండూ కలిపి జిగురు పెట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి ఆరనిచ్చాడు. విప్పి చూస్తే వీపు మీద ముక్కు నుంచి తోక దాకా అతుకు. "ఇది పోవాల. అసలు విమానానికి ఇక్కడ గీత లేదు" అన్నాడు. ఒళ్ళంతా ఇంకా బోలెడు గీతలు, వాటి పక్కన సన్నటి బొడిపెలు, అన్నీ ఉబ్బెత్తుగా ఉన్నాయి. "మరి ఇవో? పనిలో పని వీటినీ తీసెయ్యరాదూ, నున్నగా ఉంటది" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమే, ఇదేమన్నా మీ నాన్న బండల ఫ్యాక్టరీ అనుకున్నావా? అవి గీతలు కాదు, మూతలు. బొడిపెలు రివిట్లు. అతుకు పోవాల, మూతలు ఉండాల. ఒకటి తీస్తా ఇంకోటి చెడగొడితే ఆ చేతులు ఎందుకు?"

పుట్టింటిని అన్నందుకు మూతి తిప్పుకున్నాను గానీ, ఆయన అంత పొడుగు మాట మాట్లాడి ఎన్నాళ్ళయిందో. లోపలికి వెళ్ళి, పిలవకపోయినా కాఫీ పెట్టి తెచ్చాను.

అతుకు తియ్యడం ఆయన చేస్తుంటే చూడాలి. ముందు రెండు పక్కలా టేపు అంటించేవాడు, పక్కనున్న మూతలు అరగకుండా. మధ్యలో సన్నటి లప్పం, గోడలకి పెట్టేది కాదు, ట్యూబులో వచ్చేది, అగ్గిపుల్లతో పూసేవాడు. ఆరాక, నీళ్ళలో తడిపి రుద్దే నల్ల ఉప్పుకాగితాన్ని సన్నటి పట్టీలుగా కత్తిరించి, ఐస్‌క్రీమ్ పుల్లకి చుట్టి, స్టీలు గ్లాసులో ముంచి, ఊపిరి బిగబట్టి రుద్దేవాడు. తుడిచి, గోటితో అడ్డంగా గీరేవాడు. గోరు తట్టుకుంటే మళ్ళీ లప్పం. చివరికి నా కాటుక డబ్బా కూడా లాక్కున్నాడు. కాటుక పూసి తుడిస్తే అతుకు మిగిలున్న చోట నల్లగా నిలబడిపోతుంది. "చూశావా, దొంగ ఇక్కడ దాక్కున్నాడు" అనేవాడు. ఒకరోజు పక్కనున్న కాఫీ వదిలేసి ఆ గ్లాసులోని బూడిదరంగు నీళ్ళు గటగటా తాగేశాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఎదురింటి పిన్ని ఒకసారి తొంగిచూసి, "ఏందమ్మా, మీ ఆయన బొమ్మలతో ఆడుకుంటున్నాడా ఈ వయసులో?" అంది. "అవును పిన్నీ, నీ సీరియల్ అయిపోయాక నువ్వూ రా, నీకూ ఒకటి ఇస్తాం" అన్నాను. మళ్ళీ మా గడప తొక్కలేదు. తొక్కకపోతే పోనీ.

ఆ విమానంలో నాకు కావలసింది అతుకు పోవడం కాదు. రుద్దడం ఆపినప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేలు ఆ ఉబ్బెత్తు గీతల మీద నడిపేవాడు. వేలు నడిస్తే నోరు నడిచేది. "ఇక్కడ బ్యాటరీ. దీనెనక హైడ్రాలిక్ ఫిల్టరు, సన్న చేతులోడైతేనే చెయ్యి దూరతది. ఇది ఫ్యూయెల్ మూత, బిగించేటప్పుడు రబ్బరు వాషరు చూసుకోవాల. ఇక్కడ విమానం దిగంగానే చెయ్యి పెట్టావా, కాలి తోలు ఊడొస్తది, ఇదిగో చూడు" అని మణికట్టు మీది మచ్చ చూపించేవాడు. ముక్కు నుంచి తోక దాకా, ఎడమ పక్క అయ్యాక కుడి పక్క. పొద్దునా అదే, సాయంత్రమూ అదే. ఆ పాఠం వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. "చాల్లేవయ్యా, నాకేమన్నా ఉద్యోగమిస్తారా!" అని విసుక్కునేదాన్ని.

ఆ గీతల అవతల ఆయనకి ఇంకేమీ మిగలడం లేదని తెలుస్తూనే ఉంది. ఎప్పుడో పోయిన వాళ్ళమ్మకి అన్నం పెట్టమనేవాడు. నన్ను ఒకరోజు "ఏమే" అనేవాడు, ఇంకోరోజు "ఏవండీ" అనేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను అండీ అన్న పాపాన పోలేదు ఆ మనిషి. ఆ అండీ వినపడగానే పరుగెత్తి విమానం తెచ్చి ఒళ్ళో పెట్టేదాన్ని. వేలు గీత మీద పడి, బ్యాటరీ, ఫిల్టరు, ఫ్యూయెల్ దాటి తోక దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తి, "ఏమే, అన్నం తిన్నావా?" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం రోజంతా కాచుక్కూర్చునేదాన్ని. ఆయన్ని నా దాకా తీసుకొచ్చే దారి అదొక్కటే మిగిలింది.

మిర్చి కోతలప్పుడు, ఊరంతా ఘాటుకి తుమ్ముతున్న రోజుల్లో, మళ్ళీ నరసరావుపేట చూపించుకోడానికి వెళ్ళాం. కుళాయి కారుతోంది, చూడరా అని ఇంటి తాళం తమ్ముడికిచ్చాను. వాడు కుళాయి బాగుచేసి ఊరుకోలేదు. బల్ల మీద విమానం కనపడింది. రెక్కలింకా అతికించలేదు. వీపు మీద అతుకు కాస్త మిగిలుంది, ఒళ్ళంతా గీతలూ బొడిపెలూ. పాపం బావ ఇన్నాళ్ళ బట్టి రుద్దుతున్నాడు, చేతిలో బలం లేదు, అనుకున్నాడట. ఫ్యాక్టరీ నుంచి కాగితాలు తెచ్చాడు. గరుకుది ముందు, నున్నటిది తర్వాత, మా నాన్న నేర్పిన వరసలోనే రుద్దాడు. చివర పాలిష్ పొడి వేసి గుడ్డతో తోమాడు.

మేం గుమ్మంలో అడుగు పెట్టేసరికి విమానాన్ని రెండు చేతుల మీద పెట్టుకుని ఎదురొచ్చాడు. "అక్కా, చూడు! ఒక్క గీత లేదు. బండ మీద కూడా ఇంత నునుపు తేలేదు నేను." ట్యూబ్‌లైటు దాని వీపు మీద మెరుస్తోంది. మూతల్లేవు, రివిట్లు లేవు. బ్యాటరీ లేదు, ఫిల్టరు లేదు. ముక్కు నుంచి తోక దాకా ఏమీ లేదు.

"నీ చేతులు పడిపోను! ఎంత పని చేశావురా!" అని వీధిలోవాళ్ళు తొంగిచూసేంత గట్టిగా అరిచాను. వాడు బిత్తరపోయాడు. "అదేందక్కా? గీతలుండంగా ఎట్లా ఇస్తాం బావకి?" అన్నాడు. వాడి తప్పేముంది? మా ఇంట్లో పుట్టిన ఎవరైనా అదే చేస్తారు. పైగా రాయి రుద్దీ రుద్దీ వాడి వేళ్ళు అరిగిపోయాయి, సిమ్ కార్డు కొనడానికి వెళ్తే మిషను వాడి వేలిముద్ర పట్టదు. అంత సన్నటి గీత ఆ వేళ్ళకి తగిలి ఉండదు. ఇవన్నీ తర్వాత తట్టాయి. అప్పుడు మాత్రం వాణ్ణి చంపేద్దామన్నంత కోపం వచ్చింది.

మా ఆయన విమానాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అలవాటుగా వేలు ముక్కు మీద పెట్టాడు. జారిపోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. ఇటు తిప్పి, అటు తిప్పి, నా చేతికి తిరిగిచ్చేస్తూ, "ఏందండీ ఇది, సబ్బా?" అన్నాడు.

తమ్ముడు గోడకి ఆనుకుని అలాగే కిందకి జారి కూర్చున్నాడు.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో అన్నీ అండీలే. "కాసిని మంచినీళ్ళు ఇప్పించండి" అని దారినపోయేవాడిలా గుమ్మంలో నిలబడి అడిగేవాడు. స్నానం చేయించబోతే పంచె గట్టిగా పట్టుకుని, "తప్పండీ, మా ఇంట్లో తెలిస్తే బాగుండదు" అన్నాడు. మా ఇంట్లో అంటే నేనే! కుళాయి దగ్గర కూలబడి దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. విమానం ఒళ్ళో పెడితే మర్యాదగా పక్కన పెట్టేసేవాడు. ఒకసారి అది కుళాయి గట్టు మీద, సబ్బుపెట్టె పక్కన కనపడింది. తమ్ముడు అలాంటి డబ్బా ఇంకొకటి కోసం మళ్ళీ ఫోన్లో వెతికాడు, హైదరాబాదు వెళ్ళి దుకాణాలు తిరిగాడు. ఆ రకం ఇప్పుడు రావడం లేదన్నారట. వేరే విమానం తెచ్చాడు. మా ఆయన వేలు పెట్టి చూసి, "ఇది మాది కాదండీ" అని తిరిగిచ్చేశాడు. మనిషి ఎదురుగా తిరుగుతుండగానే విధవనైపోయానని అనిపించింది. నాకు బతకబుద్ధి కాలేదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆయన పడుకున్నాడు. నేను అంట్లు తోముకుంటున్నాను. ఎవరో గొణుగుతున్నట్టుంటే చెయ్యి ఆపి విన్నాను. గొణుగుతున్నది నేనే. "ఇక్కడ బ్యాటరీ. దీనెనక హైడ్రాలిక్ ఫిల్టరు, సన్న చేతులోడైతేనే..." గిన్నె చేతిలోంచి జారిపోయింది. ఆయన తలలోంచి పోయిన పాఠం నా తలలో ఉంది! తిట్టుకుంటూ విన్నా, మాట పొల్లుపోకుండా ఉంది. ఆయన లేవగానే పక్కన కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పాను. మణికట్టు పట్టుకుని మచ్చ కూడా చూపించాను. శ్రద్ధగా విన్నాడు. విని, "మీకు చానా తెలుసండీ. మీవారు మిలిటరీయా?" అన్నాడు.

మాటలతో పని జరగదని అప్పుడు తెలిసింది. ఆయన వేలికి గీత తగలాలి. చేతులు కొంగుకి తుడుచుకుని కుట్టుపెట్టె తీశాను.

ఉబ్బెత్తు గీతలు తిరిగి తెప్పించడం ఎవరి తరమూ కాదు, అవి ప్లాస్టిక్‌తో పాటు పుట్టినవి. లోతుకి గియ్యడమే మార్గం. లావు సూదిని పెన్సిలు చివర గుచ్చి దారం చుట్టి బిగించాను. మందపాటి టేపు అంటించి, దాని అంచు వెంబడి సూదిని లాగాను. గట్టిగా నొక్కేసరికి అది టేపు దాటి పక్కకి పరుగెత్తింది. "నీ దుంపతెగ!" అని సూదిని తిట్టి, అక్కడ లప్పం పెట్టి, ఆరనిచ్చి, రుద్ది, మళ్ళీ మొదలుపెట్టాను. నొక్కకూడదు. ఊరికే తాకిస్తూ పదే పదే పోనిస్తే దారి అదే పడుతుంది. రివిట్లకి పక్కింటి పిల్ల కాంపస్ అడిగి తెచ్చుకుని, దాని ముల్లుతో చుక్కలు పెట్టాను. ఎండలు ముదిరాయి, నుదుటి చెమట కళ్ళజోడు మీద పడేది.

తమ్ముడు రోజూ భోజనాలయ్యాక వచ్చి టేపు తిన్నగా కోసి ఇచ్చేవాడు. నీళ్ళు పోసి, తల వంచి ఏటవాలుగా చూసి, "గీత వంకరపోయిందక్కా, మళ్ళీ గియ్యి" అనేవాడు. ఆ మాట మా నాన్న వింటే ఏమనుకునేవాడో! నేను వాడితో మాట్లాడడం మానేశాను అప్పటికి. ఒకరోజు వాడి కన్నీళ్ళు టపటపా విమానం మీద పడుతుంటే, "తడపడానికి గ్లాసులో నీళ్ళున్నాయిలేరా" అన్నాను. అట్లా మళ్ళీ మాటలు కలిశాయి.

ఎక్కడ గియ్యాలి అన్నదే నా ప్రాణం తీసింది. పాఠం నోటికుంది గానీ దూరాలు తెలియవు. డబ్బాలో వచ్చిన కాగితంలో ముక్కలు అతికించే పద్ధతి ఉంది, మూతల సంగతి లేదు. చివరికి ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన పట్టుకున్నట్టే పట్టుకుని, కళ్ళు మూసుకునేదాన్ని. బ్యాటరీ అన్నప్పుడు ఆయన బొటనవేలు ఎక్కడ ఆగేది? ఫ్యూయెల్ అన్నప్పుడు మోచెయ్యి ఎంత లేచేది? మచ్చ చూపించడానికి ఏ చెయ్యి వదిలేవాడు? ఒక్కొక్కటీ గుర్తొచ్చేది. రెండు మూడు చోట్ల ఎంతకీ రాలేదు, అక్కడ నాకు తోచినట్టు గీశాను. ఈలోపు ఆయన ఇంకా దూరం జరిగిపోయాడు. కంచం ముందు పెడితే దాన్ని ఏం చెయ్యాలో తెలియక నా మొహం చూసేవాడు. నేను ఆలస్యం చేస్తున్నాను, ఇది అయ్యేలోపు మనిషి పూర్తిగా పోతాడు, అని రాత్రిళ్ళు లేచి కూడా గీసేదాన్ని.

అన్నీ అయ్యాక గీతల్లో కాటుక పూసి తుడిచాను. మూతలన్నీ నల్లగా తేలాయి. మిట్టమధ్యాహ్నం, అన్నాల వేళ. విమానం ఆయన ఒళ్ళో పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను. తమ్ముడు తలుపు దగ్గర నిలబడ్డాడు. దేవుడా, ఒక్కసారి ఏమే అనిపించు, ఇంకేమీ అడగను, అని మనసులో దండం పెట్టుకున్నాను.

వేలు ముక్కు మీద పడింది. కాస్త జరిగింది. గోరు గీతలో దిగింది.

"బ్యాటరీ" అన్నాడు.

తమ్ముడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేలు నడిచింది. ఫిల్టరు, సన్న చేతులోడు. ఫ్యూయెల్, రబ్బరు వాషరు. మణికట్టు మీద మచ్చ. నేను కళ్ళార్పలేదు. తోక దగ్గరికి వస్తుండగా వేలు ఆగిపోయింది.

"ఇక్కడ మూత లేదే. ఎవరు కోశారు దీన్ని?"

అది నాకు తోచినట్టు గీసిన చోటు. "నేనేనయ్యా" అన్నాను.

తలెత్తి నన్ను చూశాడు. ఎన్నాళ్ళకో ఆ కళ్ళలో చూపు ఉంది. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. "పర్లేదు, కొత్తలో అందరూ చేస్తారు. లప్పం పెట్టి తియ్యి. పక్కన టేపు వేసుకో, మిగతావి చెడకూడదు. పని బాగా చేశావు అబ్బాయ్" అన్నాడు.

అబ్బాయ్ అన్నాడు! నా చీరా, గాజులూ, నెరిసిన ముడీ ఏవీ కనపడలేదు ఆ మనిషికి. ఏ షెడ్డులోనో కొత్తగా చేరిన కుర్రమెకానిక్కుని అయిపోయాను.

విమానాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. చేతులు దులుపుకుని లేచి, చెప్పుల కోసం గుమ్మం వైపు చూశాడు.

"ఇంక నువ్వు ఇంటికి పో. నేనూ పోవాల, చానా పొద్దెక్కింది. నేను పోందే మా ఆడమనిషి అన్నం తినదు. ఎంత చెప్పినా వినదు, కడుపు మాడ్చుకుని కూచునుంటది."

నిజమే. నేనింకా తినలేదు.